నేను రాసిన హెచ్చరిక బోర్డు

తెలుగు పండితుడిగా రిటైరై గుంటూరు నుంచి శంషాబాద్‌ వచ్చిన కొత్తలో జరిగిందిది. తొండుపల్లి దగ్గర ఓ గోదాముకు పునాది వేస్తూ, లావుపాటి కాంక్రీటు స్తంభాలను యంత్రంతో భూమిలోకి దిగగొడుతున్నారు. అక్కడి ఇంజినీరు నా పాత శిష్యుడు. "మాస్టారూ, ఈ ఇంగ్లీషు హెచ్చరికను తెలుగులో రాసివ్వండి" అన్నాడు. రెండు రోజులు నిఘంటువులు తిరగేసి, "స్తంభనిఖనన యంత్ర పరిధియందు ప్రవేశము నిషిద్ధము" అని రాసిచ్చాను.

బోర్డు పెట్టిన రోజు చూసుకుని మురిసిపోదామని వెళ్లాను. దాని ముందు అప్పటికే పదిమంది గుమిగూడి ఉన్నారు. నా ఛాతీ ఉప్పొంగింది.

"ఏం రాసిన్రు సారూ? రెండుసార్లు చదివినా సమజైతలేదు" అంది వంకాయల గంపతో నిలబడ్డ అంజమ్మ.

నేను గొంతు సవరించుకుని సమాసం విడదీసి చెప్పడం మొదలుపెట్టాను. వినడానికి ఇంకో నలుగురు దగ్గరికొచ్చారు.

సరిగ్గా అప్పుడే, బోర్డు చాటున ఉన్న మమ్మల్ని చూడని యంత్రం డ్రైవర్ యూసుఫ్ స్తంభం మీదికి పైనుంచి దాని బరువైన సుత్తి వదిలాడు. పిడుగు పడ్డట్టు నేల అదిరింది. నేను వెళ్లి అంజమ్మ వంకాయల మీద పడ్డాను.

యూసుఫ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది సార్ గిది? బోర్డు లేనప్పుడు ఒక్కరు గూడ గిటు రాలే. ఇప్పుడు అందరు గీడనే నిలవడి చదువుతున్నరు!"

అంజమ్మ వంకాయలు ఏరుకుంటూ, "గుంజలు దిగగొడ్తున్నరు, దూరం పోండ్రి అని రాయరాదు సారూ" అంది.

ముప్పై ఏళ్లు ఊరందరి తెలుగూ దిద్దినవాణ్ణి. ఆ రోజు సుద్దముక్క తీసుకుని, అంజమ్మ చెప్పింది ఒక్క అక్షరం మార్చకుండా అదే బోర్డు మీద రాశాను.