గుట్ట మీది డబ్బా

మీరు సరదాగా కొండ మీద దాచి వచ్చిన డబ్బా వల్ల ఒక మనిషిని ఊళ్ళోంచి వెళ్ళగొడతారని ఎప్పుడైనా అనుకున్నారా?

నేనూ అనుకోలేదు. ఆ ఎండాకాలం దోర్నపాల్‌కు దక్షిణాన, రాష్ట్ర సరిహద్దు దగ్గర, ఒక తెలుగు రైతు ఇంట్లో ఉన్నాను. పక్క గూడెంలో ఒక వితంతువును మంత్రగత్తె అంటున్నారు. మేకలు కాసే ఒకాయన బోడిగుట్ట మీద రాళ్ళ సందులో డబ్బా చూశాడట. మూత తీస్తే జుట్టున్న చిన్న బొమ్మ, ఎర్రదారం. అందులోది బయటికి రాకుండా మూసి, పైన రాయి పెట్టి పరిగెత్తాడు. ఆ వారమే అతని మేకలు రెండు చచ్చాయి.

గుట్ట కింద ఇప్పచెట్టు ఆ వితంతువుది. పూలు రాలే రోజుల్లో చెట్టు కింద ఆకులు ఊడ్చి కాల్చడం ఊళ్ళో అందరూ చేసే పనే. ఆమె పొగ మాత్రం క్షుద్రపూజ పొగ అయింది. ఎల్లుండి పంచాయితీ. మంత్రాలు చేశానని ఒప్పుకోకపోతే ఆమె ఊరు విడవాలి.

డబ్బా అనగానే నాకు అనుమానం వచ్చింది. జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది. ఒకరు ఎక్కడో చిన్నచిన్న వస్తువులు పెట్టిన డబ్బా దాచి, ఆ చోటు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోను చూసుకుంటూ వెతుక్కుంటారు. రోడ్డు మీదికి వచ్చి సిగ్నల్ దొరికాక చూస్తే, ఆ ఆట మ్యాపులో ఆ గుట్ట మీదే ఒక గుర్తు ఉంది.

"రేపు పొద్దున్నే పోయి తెస్తానక్కా" అన్నాను గూడేనికి వెళ్ళి, ఆ వితంతువుతో.

ఆమె చేట పక్కన పెట్టింది. "తెస్తే ఏమంటరో తెల్సా సారూ? పట్నం సారును పట్టి కొత్త డబ్బా కొనుక్కొచ్చింది అంటరు. పెద్దమామను గూడ తోల్కపోదాం. ఆయన ఆడనే చూడాలె."

మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో వాదించిన నాకు ఈ మాత్రం తట్టలేదు.

తెల్లారి ఆమె, నేను, ఆమె పెద్దమామ అన్న ఊరి పెద్ద, ముగ్గురం బయల్దేరాం. వాగులో చుక్క నీళ్ళు లేవు. గుట్ట మీద నీడనిచ్చే చెట్టు లేదు. దారి మలుపులో రాళ్ళకుప్ప దగ్గర ఊరి పెద్ద ఆగి ఒక రాయి వేశాడు. అటు పోయేవాళ్ళందరూ వేస్తారు. ఆమె కూడా వేసింది. నేను వేయలేదు.

"సారు ఎయ్యడా? పాము కరిస్తే మేం మొయ్యం" అన్నాడు పెద్ద.

"నన్ను మోయకండి. డబ్బా మోయండి, చాలు."

"మీ లొల్లి దిగేటప్పుడు పెట్టుకోండ్రి. ఎండెక్కుతాంది" అందామె.

పైన ఫోను మమ్మల్ని ఒక్కచోటే గిరగిరా తిప్పింది. సందు సందూ వెతికాం. సీసాలో నీళ్ళు అయిపోయాయి. దిగిపోదామన్నాడు పెద్ద. దొరికేదాకా దిగేది లేదన్నాను. అప్పుడు ఆమె ఒక రాయి ముందు కూర్చుంది.

"గుట్టరాళ్ళన్నీ పైకి నల్లగుంటయి. ఇదేంది, ఎర్రగున్నది? ఎవడో తిప్పి పెట్టిండు."

"ముట్టకు. రక్తం కక్కుతవ్" అంటూ పెద్ద నాలుగడుగులు వెనక్కి పోయాడు.

"మంత్రగత్తెనైతే అయితి మామా. ఇంకేమైత?" అని రాయి తీసి, సందులో చెయ్యి పెట్టింది.

ప్లాస్టిక్ డబ్బా. బొమ్మ, దారం, ఒక తాళాల రింగు, చిన్న నోటుబుక్కు. మొదటి పేజీలో హిందీలో రాసి ఉంది: ఇది ఆట, దొరికినవాళ్ళు పేరు రాసి మళ్ళీ ఇక్కడే పెట్టండి. కింద నాలుగు పేర్లు. పెద్దకు సంతల్లో నేర్చిన హిందీ వచ్చు. రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఆటనా?"

"ఆటే."

"పెద్దోళ్ళాడుతరా?"

"ఆడతారు."

ఆయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు. ఆమె నవ్వలేదు. "నా పేరు రాయి సారూ. దొరికింది నాకే గద" అంది. ఐదో పేరు ఆమెది.

డబ్బాను పెద్ద తన తువ్వాలులో కట్టుకుని దిగాడు. మర్నాడు పంచాయితీలో తానే మూత తీసి, ఒక్కో వస్తువూ చేతిలో పట్టి చూపించాడు. ఆమె ఊళ్ళోనే ఉంది. ఎవరూ ఆమెను క్షమించమని అడగలేదు.

మూఢనమ్మకం ఆ గూడేనిదే. కానీ కింద మనుషులున్నారని చూడకుండా బొమ్మ దాచింది చదువుకున్నవాళ్ళు. మీరు ఎక్కడైనా అలాంటి డబ్బా దాచి ఉంటే ఈ వారమే వెళ్ళండి. దాన్ని కిందికి తెచ్చి, ఊరందరి ముందు మూత తీసి చూపించండి.