వలయం బయటి బల్ల

లుడెల్ గ్రోవ్‌నర్ నలభై తొమ్మిదో ఏట విశ్వవిద్యాలయంలో నల్లజాతి చరిత్ర, సంస్కృతి చదవడానికి చేరింది. పొద్దునా సాయంత్రం స్కూలు బస్సు నడిపేది. మధ్యలో దొరికిన వేళ సముద్రతీరంలోని సవానా నగరానికి పోయి పాఠాలు వినేది. ఇదంతా ఎందుకో భర్త రూఫస్‌కు అర్థం కాలేదు.

"మనం నల్లవాళ్ళమని తెలుసుకోవడానికి ఫీజు కట్టాలా? నన్నడిగితే ఊరికే చెప్పేవాణ్ణిగా."

"నువ్వు చెప్పేది పెళ్ళైనప్పట్నుంచీ వింటున్నా. అందుకే చేరా" అంది లుడెల్.

ఆఖరి ఏడాది పెద్ద వ్యాసం ఒకటి రాయాలి. తల్లి పుట్టిన ఊళ్ళోని స్తుతిశాలను, అంటే చిన్న ప్రార్థనా మందిరాన్ని, అక్కడి వలయాన్ని ఎంచుకుంది. ప్రార్థన అయ్యాక బల్లలు గోడవారకు నెడతారు. ఒకరు చీపురు కర్రతో చెక్కనేల మీద దరువు వేస్తారు, ఒకరు పాట ఎత్తుకుంటారు, వెనక నిలబడ్డవాళ్ళు చప్పట్లతో అందుకుంటారు. మిగిలినవాళ్ళు పాదాలు నేలకు రాస్తూ గుండ్రంగా కదులుతారు. ఒక పాదం మీదుగా రెండోది దాటకూడదు. దాటితే అది నాట్యం. నాట్యం లోకులది, దేవుడిది కాదు.

లుడెల్ తల్లి పెళ్ళయ్యాక పట్నంలో ఎర్ర తివాచీ పరిచిన పెద్ద చర్చిలో చేరింది. అక్కడివాళ్ళకు వలయమంటే నామోషీ. అందువల్ల లుడెల్ 'వెతకడం' అనే దీక్ష చెయ్యలేదు. వెతకనివాళ్ళు వలయంలోకి రాకూడదు, బల్ల మీద కూర్చోవాలి.

స్తుతిశాలలో పాట ఎత్తుకునేది ఆమె పెద్దమ్మ క్వీన్ ఎస్తేరు.

"కూర్చుని రాసుకోవే, ఎవరొద్దన్నారు?" అంది పెద్దమ్మ.

"కూర్చుని రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు పెద్దమ్మా. లైబ్రరీలో ఓ అలమరా నిండా ఉన్నారు. పాదాలకు ఏం తెలుస్తుందో ఒక్కరూ రాయలేదు."

"అయితే వెతుక్కో."

అని, తెల్లటి నూలుతాడు తెచ్చి లుడెల్ తల చుట్టూ కట్టింది. ఇక రోజూ వేకువనే ఒంటరిగా పైన్ చెట్లలోకి పోయి ప్రార్థించాలి. వచ్చిన కలలు పెద్దమ్మకు చెప్పాలి. ఇదీ అసలు కల అని పెద్దమ్మ ఒప్పుకునేదాకా తాడు తియ్యకూడదు. తాడు కట్టుకున్న మనిషితో ఎవరూ వేళాకోళమాడకూడదు.

"ఎన్నాళ్ళు?" అనడిగాడు రూఫస్.

"కల వచ్చేదాకా."

"దేవుడా! అన్నాళ్ళు నోరు మూసుకుని బతకడం నావల్ల అవుతుందా?"

బస్సులో పిల్లలు "మిస్ లుడెల్, తలకు దెబ్బ తగిలిందా?" అని అడిగేవారు. ఆమె సీటు బెల్టులు పెట్టుకోమనేది.

చలికాలం గడిచింది. పనికొచ్చే కల రాలేదు. వస్తే బస్సు బ్రేకులు పడనట్టో, పరీక్ష గది దొరకనట్టో వచ్చేది. అవి వింటూ పెద్దమ్మ తల అడ్డంగా ఊపేది. మే నెలలో అందరితో పాటు పట్టా కావాలంటే ఈస్టర్ అయిన వారానికల్లా వ్యాసం ఇమ్మని పాఠాలు చెప్పే డాక్టర్ టాలివర్ గుర్తు చేసింది.

లైబ్రరీలో పాత టేపులున్నాయి. ఈ తీరం ముసలివాళ్ళు తాము వెతికిన కాలపు కలల్ని చెప్పిన టేపులు. లుడెల్ చాలా విన్నది. కలలన్నీ ఇంచుమించు ఒక్క తీరునే ఉన్నాయనిపించింది. వాటిలో ఒకటి తనకూ వచ్చి ఉండొచ్చుగా అనుకుంది. ఒక శనివారం పెద్దమ్మ వరండాలో పీతలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పింది. తెల్లటి దారి, దారికి మూడు గేట్లు, మూడో గేటు దగ్గర ఓ పసిపిల్ల సొరబుర్ర ముంతతో పాలు అందిస్తోంది.

పెద్దమ్మ పీత కాలు విరిచి, "ఆ ముంతకు అంచు విరిగి ఉందా?" అంది.

"ఉంది" అంది లుడెల్. టేపులో ఉంది మరి.

"ఆ అంచు విరగ్గొట్టింది నేనే. మా ఇంట్లో నూతి దగ్గర పడేశా. అది మా పినతల్లి హన్నాకు కల్లోకి వచ్చింది. తర్వాత కాలేజీవాళ్ళు టేపు మిషను పట్టుకొస్తే వాళ్ళకూ చెప్పింది. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నానే తల్లీ."

లుడెల్ తలెత్తలేదు.

"పోయినవాళ్ళ కలలు తొడుక్కోవడానికి అవేం చొక్కాలటే?" అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు. "నీ పట్టా పోగొట్టుకోకు. బల్ల మీంచే రాయి. తాడు విప్పేస్తా" అంది.

"వద్దు, ఉండనీ."

సోమవారం టాలివర్ గదికి పోయి, వ్యాసం ఇప్పట్లో కాదని చెప్పింది.

"బల్ల మీంచి రాస్తే మే నెలకి అయిపోతుందిగా?"

"అవుతుంది మేడమ్. కానీ అది నేను రాద్దామనుకున్నది కాదు."

టాలివర్ గడువు పొడిగించింది. తోటివాళ్ళు పట్టాలు తీసుకున్న ఉదయం లుడెల్ చెట్లలోకి పోయి, అట్నుంచి పెద్దమ్మ ఇంటికి వచ్చింది.

"ఏమైనా వచ్చిందా?"

"ఏమీ రాలేదు."

"సరే. చెయ్యి కడుక్కో" అని పెద్దమ్మ రొయ్యలు వేసిన ఎర్రన్నం వడ్డించింది.

మళ్ళీ చలికాలం వచ్చాక ఒక వేకువన కల వచ్చింది. పెద్దమ్మ చివరిదాకా విని, తాడు విప్పింది. ఆ ఆదివారం లుడెల్ వలయంలో అడుగు పెట్టింది. పాట పాడుతున్నంతసేపూ పెద్దమ్మ ఆమె ముఖం చూడలేదు, పాదాలే చూసింది. అవి దాటలేదు.

వ్యాసం వేసవిలో పూర్తయింది. చాలా భాగం నేల గురించీ పాదాల గురించీ. ఏళ్ళ తరబడి అరిగి నున్నబడ్డ నేలచెక్క మీద బరువు ఎక్కడ మోపాలి, కర్ర దరువు చెవి కన్నా ముందు మడమకు ఎలా తెలుస్తుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అడుగు ఎంత చిన్నది చేస్తారు.

టాలివర్ అంతా చదివింది. "కల ఏమిటో ఒక్క వాక్యమైనా లేదు. అది లేకపోతే ఆ అధ్యాయం కుంటుపడుతుంది" అంది.

"కుంటనివ్వండి మేడమ్. అది మా పెద్దమ్మకే చెప్పవలసింది. ఆమెకు చెప్పేశాను."

టాలివర్ ఆ పేజీ అంచున ప్రశ్న గుర్తు పెట్టి, గ్రేడు ఒక మెట్టు తగ్గించి, సంతకం చేసింది.