పచ్చదొర పంజరం

పక్కింటి కొత్త కోడలు మాడిన పాలగిన్నెను గరిటె అంచుతో గీకుతోంది. పొద్దుటి నుంచి అదే చప్పుడు. ఆ గరగర చెవిన పడితే నా కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ తనంతట తానే ముడుచుకుంటుంది. వేలి కణుపు పక్కన నెలవంకలాంటి మచ్చ ఒకటుంది. మా అన్న మనవలు అడిగితే యుద్ధంలో తగిలిందని చెబుతాను. అబద్ధమేమీ కాదు. అవతల దేశాలన్నీ కొట్టుకుంటున్న రోజుల్లోనే, నరసరావుపేటలో ఒక చిన్న ఆడవాళ్ళ ఆసుపత్రి వెనక వరండాలో, నాకూ ఒక చిలక్కీ మధ్య జరిగిన యుద్ధం అది. ఆ చిలక సలోమమ్మగారిది. నాకు ఈ బతుకునిచ్చిందీ ఆవిడే.

సలోమమ్మగారిని మీరెవరూ చూసి ఉండరు. కాన్పుల గదికి పెద్ద నర్సు. పొట్టి మనిషి, గంజి పెట్టిన తెల్లచీర, ముక్కు మీద నిలవని కళ్ళజోడు. నవ్వొస్తే దాన్ని దగ్గుగా మార్చేసేది. ఆమె దగ్గినప్పుడల్లా వార్డులో కొత్తవాళ్ళు పాపం క్షయేమో అనుకునేవాళ్ళు. నేను చేరాక ఆ దగ్గు ఎక్కువైందని అందరూ అనేవారు.

నా సంగతీ చెప్పాలి. మూడో తరగతిలో అయ్యవారు "పలక చూపించవే" అంటే, "చూపించేంత అందంగా లేదండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది, అయ్యవారు తప్ప. ఆ సాయంత్రం ఆయన మా నాన్నతో మాట్లాడాడు, మర్నాటి నుంచి నేను మిరప చేలో ఉన్నాను. పెళ్ళయిన ఏడాదికే మా ఆయన కలరాతో పోయాడు. ఎడ్లపాడులో అన్న ఇంటికి చేరాను. మా వదిన చెడ్డదేం కాదు, ఆమె వంటిల్లే చిన్నది. ఆమె, నేను, నా నోరు, ముగ్గురం అందులో పట్టలేదు. చివరికి మా పాస్టరుగారు ఓ మాట చెబితే ఆసుపత్రిలో ఆయాగా తీసుకున్నారు. తీసుకున్నారంటే ఖాయంగా కాదు, క్రిస్మస్ దాకా చూస్తామన్నారు. నిలబడితే నా కూడు నేను తింటాను. లేకపోతే మళ్ళీ ఆ వంటింటి మూలే. ఇరవై ఏళ్ళు కూడా నిండని మనిషికి ఆ మూల ఎంత చీకటిగా కనపడుతుందో చెప్పలేను.

కొత్తగా వచ్చిన ఆయాకు మొదటి పని చిలక పంజరం కడగడం. అది మామూలు రామచిలక కాదు. రెక్క మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద జాతి. ముక్కు చూస్తే ఎర్రటి అడకత్తెరే. ఎవరో కాన్పు చేయించుకుని వెళ్తూ బహుమానంగా ఇచ్చిపోయారట. వాళ్ళింట్లో పిల్లలు దాన్ని ఊచల సందుల్లోంచి పుల్లలతో పొడిచి ఆడుకునేవాళ్ళట. అందుకని చెయ్యి కనపడితే చాలు, కరిచేది. దాని దర్పం చూసి 'దొర' అని పేరు పెట్టారు. పంజరం అడుగున రేకు పళ్ళెం. అది బయటి నుంచి లాగితే వచ్చేది కాదు, తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాల్సిందే. ఎండిన రెట్ట గీకి, బూడిదతో తోమి, వేపాకు నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ లోపల పెట్టాలి. అంటే రోజూ రెండుసార్లు దొరగారి దర్శనం.

నేను ఆ పనిని నాటకం చేశాను. పిల్లల తల్లులు వరండాలోకి వచ్చి కూర్చునేవాళ్ళు. నేను పంజరం ముందు చీపురు చంకన పెట్టుకుని సలాం కొట్టేదాన్ని. "ఏం దొరా! తెల్లదొరలే మూటాముల్లే సర్దుకుంటారంటున్నారు. పచ్చదొరవి, నీ సంగతేంది?" అనేదాన్ని. అంతా పొట్టలు పట్టుకుని, కుట్లు నొప్పెడుతున్నాయని తిడుతూ మరీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్య చెయ్యి పెట్టేదాన్ని. దొర కరిచేది. నేను గెంతేదాన్ని. వాళ్ళు మళ్ళీ నవ్వేవాళ్ళు. నాటకం బాగానే నడుస్తోంది, వేళ్ళే మిగలడం లేదు.

ఒకరోజు ఒకామె సలహా ఇచ్చింది. "మిరపకాయ పెట్టవే. చిలక్కి కోపం దిగుద్ది, మాటలొస్తాయి." నాకు ఆ సలహా వేరే కారణానికి నచ్చింది. మా చేలో కాయ కొరికితే మగాళ్ళే బావి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. అన్న సంచిలో వేసి పంపిన ఎండుమిర్చిలోంచి బాగా ముడతపడ్డ కాయ ఏరి, ఈ దెబ్బతో దొర ఏడవాల్సిందే అనుకుంటూ ఊచల్లోంచి అందించాను. దొర దాన్ని కాలితో పట్టుకుని, తీరిగ్గా చీల్చి, గింజలన్నీ జీడిపప్పులా నమిలి, ఇంకేదీ అన్నట్టు చూసింది. చిలకలకు కారం తగలదని నాకేం తెలుసు? ఇదే అదను అనుకుని పళ్ళెం తీయబోయాను. అదే ముక్కుతో, ఆ కారంతోనే, కణుపు పక్కన దిగేసింది. నేను పెట్టిన కేకకు పళ్ళెం నాపరాళ్ళ మీద పడింది. ఆ మోతకు వార్డులో పసివాళ్ళందరూ ఒక్కసారి లేచారు. తెల్లవారుజామున కష్టపడి కని, అప్పుడే కునుకు పట్టిన ఒక తల్లి ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది.

సలోమమ్మగారు వచ్చింది. "ఏందే అది?"

"దొరగారు మిరపకాయ నంజుకుని నన్ను తిన్నారండీ."

దగ్గు రాలేదు. ఆమె నా వేలు కడిగి, మందు రాసి, కట్టు కట్టింది. తర్వాత మెల్లగా అంది. "నిద్రలేని తల్లిని లేపావు. ఇట్టాగైతే క్రిస్మస్ దాకా కూడా ఉంచలేను మరియా. మీ అన్నకు కబురు పెట్టాల్సి వస్తది."

కట్టు కట్టిన వేలితో పంజరం చూపించాను. "నేనేం చెయ్యనండీ? దాంతో ఎంత మంచిగా మాట్లాడతన్నానో మీరూ చూస్తన్నారుగా!"

"దాంతో ఎప్పుడు మాట్లాడావే? మమ్మల్ని నవ్వించడానికి మాట్లాడతన్నావు. అది నీకు ఆటబొమ్మ. బొమ్మ కాదు గనక కరిసింది."

నేను కింద పడ్డ పళ్ళెం తీసుకుని బూడిద కోసం వెళ్ళాను.

మర్నాడు వార్డు నిద్ర లేవకముందే నన్ను పంజరం దగ్గరికి పిలిచింది. చూసేవాళ్ళు లేరు. ఆమె దూరంగానే ఆగి, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు చెప్పింది. "దొరా, నేనే. వస్తన్నా. తలుపు తీస్తన్నా. ఇదిగో చెయ్యి." చెయ్యి మాత్రం పైనుంచి కాదు, గడప దగ్గర నుంచి, అరచేయి చూపిస్తూ, నేలకు ఆనించినట్టు కింద నుంచి పెట్టింది. దొర మెడ ఈకలు లేచాయి. ఆమె చెయ్యి జరపలేదు, వెనక్కీ తీయలేదు. కాసేపటికి ఈకలు సర్దుకున్నాయి. "పళ్ళెం తీస్తన్నా" అని చెప్పి, అప్పుడు తీసింది. నావైపు తిరిగి, "పైనుంచి వచ్చేది గద్దే. ముందు గొంతు వినపడాలి, తర్వాతే చెయ్యి" అంది. అంత నోరున్న నాకు, గొంతు దేనికి పనికొస్తుందో అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు నుంచి నాటకం కట్టిపెట్టాను. జనం అలిగారు. నేను మాత్రం దొరకు సమస్తం చెప్పేదాన్ని. బూడిద అయిపోయిందని, వేపాకు కోయడానికి వెళ్తున్నానని, మా వదిన మళ్ళీ గర్భవతని. మొదట్లో కరిచింది. తర్వాత కరవబోయి మానుకుంది. డిసెంబరు చలి మొదలయ్యేసరికి నేను పళ్ళెం తోముతుంటే తలుపు దగ్గరికొచ్చి, మెడ వంచి, పని సరిగ్గా సాగుతోందో లేదో చూసేది. అచ్చం పైఅధికారిలాగే.

అప్పుడొక మధ్యాహ్నం గురజాల వైపు నుంచి బండిలో ఒక అమ్మాయిని తెచ్చారు. తొలికాన్పు. ఇంటిదగ్గర తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ చేతులు వేసి, పొట్ట నొక్కి, చివరికి భయపడి తీసుకొచ్చారు. గదిలో ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. కాలితో తన్నుతోంది. సలోమమ్మగారి కళ్ళజోడు ఎగిరి అవతల పడింది. "చెయ్యేస్తే కొరికేస్తా!" అని అరుస్తోంది. బిడ్డ ఎట్లా ఉన్నదీ చూడనిదే ముందుకు పోలేం. డాక్టరమ్మ ఊళ్ళో లేదు. సలోమమ్మగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మరియా, నువ్వు చెప్పవే" అంది.

గుమ్మంలో ఇద్దరు ఆయాలు నిలబడి ఉన్నారు. నా నోట్లో ఏదో చమత్కారం తయారుగా ఉంది, వాళ్ళ పెదాలు నవ్వడానికి తయారుగా ఉన్నాయి. నేను వాళ్ళకు వీపు తిప్పాను. మంచం పక్కన నేల మీద, ఆమె మొహం కన్నా కిందకు కూర్చున్నాను.

"నా పేరు మరియ. ఇదిగో నా చెయ్యి, మంచం మీద పెడతన్నా. కావాలంటే పట్టుకో. వద్దంటే అక్కడే ఉంటది."

ఒక నొప్పి వచ్చి పోయింది. అప్పుడు నా వేలి వంక చూసింది. "అదేంది?"

"చిలక కరిసింది. నువ్వు కరిసినా నాకు కొత్తేం కాదులే తల్లీ. ఇటుపక్క ఖాళీ ఉంది, కొరుక్కో."

అంత నొప్పిలోనూ ఆమె పెదవి ఒకవైపు కదిలింది. నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత సలోమమ్మగారు ఏం చేయబోతే అది నేను ముందే చెప్పాను. "ఇప్పుడు పొట్ట మీద చెయ్యేస్తారు. చల్లగా ఉంటది. ఇప్పుడు తీసేస్తారు. అయిపోయింది." మధ్యమధ్య ఆమె కోసమే, ఆమె చెవికి మాత్రమే వినపడేట్టు, ఒకటీ అరా వేళాకోళం. మాచర్ల రైలు కూత వినపడే వేళకు ఆడపిల్ల పుట్టింది. వచ్చీరాగానే దొరలాగే అరిచింది. సలోమమ్మగారు చాలాసేపు దగ్గింది.

చేతులు కడుక్కుంటూ నాతో అంది. "క్రిస్మస్ దాకా ఎందుకు? రేపట్నుంచి కాన్పుల గదిలో నిలబడు. పని ఖాయమని డాక్టరమ్మకు నేను చెప్తా."

నేను ఎగిరి గంతేశాను. "అంటే పంజరం పరీక్ష నెగ్గానన్నమాట!"

"పరీక్షేందే? నాకు నడుం నొప్పి. ఎవరో ఒకరు కడగాలిగా. రేపట్నుంచి కూడా నువ్వే కడుగు."

ఇన్నేళ్ళయినా ఆమె నిజం చెప్పిందో, దగ్గు మింగి అందో నాకు తేలలేదు. తెల్లదొరలు నిజంగానే వెళ్ళిపోయారు, పచ్చదొర ఉండిపోయాడు. కొన్నాళ్ళకు సలోమమ్మగారు పని మానుకుని కూతురి దగ్గరికి బయలుదేరింది. పెట్టె బండిలో పెట్టాక వెనక్కి వచ్చి, పంజరం ముందు నిలబడి, "దొరా, వెళ్తన్నా. ఇక రాను. మరియ ఉంటది" అని చెప్పింది. నాతో వీడ్కోలు తర్వాత చెప్పింది. నేనేం అనుకోలేదు. నాకైతే ఆ సంగతి ముందే తెలుసు, దానికే తెలియదు. ఆ తర్వాత నా చేతుల్లోకి ఎందరు బిడ్డలు వచ్చారో నేను లెక్క పెట్టుకోలేదు. ప్రతి తల్లికీ నా గొంతు ముందు తెలుసు, చెయ్యి తర్వాత తెలుసు.

గరగర ఇంకా ఆగలేదు. ఆ అమ్మాయి వచ్చి నెల కావస్తోంది, ఎవరితోనూ పలకదు. "పలకరిస్తే మీదపడి కరుస్తది" అంటుంది వాళ్ళ అత్త. చేతిలోకి కాస్త చింతపండు తీసుకున్నాను. మా రెండిళ్ళ మధ్య గోడలో, మోకాలి ఎత్తున ఒక రాయి ఊడిన కంత ఉంది.

"అమ్మాయ్, నేను పక్కింటి మరియత్తను. గోడ దగ్గరికి వస్తన్నా. చింతపండు తెచ్చా, కాసేపు నానబెడితే మాడు దానంతటదే ఊడొస్తది. ఇదిగో చెయ్యి."

కింద కూర్చుని, ఆ కంతలోంచి అరచేయి చాచాను. గీకుడు ఆగింది. చేతిలో చింతపండు అట్లాగే ఉంది. తొందరేం లేదు, నేను చెయ్యి తీయను.

గాజుల చప్పుడు ఒక అడుగు ఇటు వచ్చింది.