ఒంటె కదిలిన ఆదివారం

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే రోజులవి. పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్‌లోని ఒక పాత చెక్క ఇంటి కింది గదిలో, రెండు కంప్యూటర్లున్న శిక్షణ కేంద్రంలో నేను పాఠాలు చెప్పేదాన్ని. (చెప్పేదీ నేనే, ఊడ్చేదీ నేనే.) ఆ వయసులో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. లోకంలో దయ్యాలు లేవు, నాకు భయం లేదు. మొదటిది ఇప్పటికీ నమ్ముతాను, పగటిపూట.

మా అక్క మొగుడు చాతం నుంచి బాంబూఫ్లాట్‌కు తిరిగే ఫెర్రీలో పనిచేసేవాడు. చదరంగమంటే పిచ్చి. ఎప్పుడో ఓడలో వచ్చిన పాత పేపర్లోంచి ఒక బొమ్మ కత్తిరించి తెచ్చాడు. ప్రపంచ విజేత ఒకాయన కంప్యూటరు చేతిలో ఓడిపోయిన ఆటలోని ఘట్టమట అది. మంత్రిని లోపలికి పంపితే బంట్లు చిక్కుతాయి. యంత్రాలకు యావ ఎక్కువ కాబట్టి ఇదీ అలాగే చేస్తుందని ఆయన కాచుకుని కూర్చున్నాడు. అదేమో బంట్ల వంక కూడా చూడకుండా శకటును నిదానంగా బల్ల నడుమ నిలబెట్టింది. (శకటును మేం హిందీవాళ్లలాగా ఒంటె అంటాం. ఒంటెను కళ్లారా చూసినవాడు మా పేటలో ఒక్కడూ లేడు.) ఇది యంత్రం బుద్ధి కాదు, వెనక మనిషెవరో ఉన్నాడని విజేత బెదిరిపోయాడట. ఆ బెదురులో, ఇంకా డ్రా చేసుకోగలిగిన ఆటను ఓటమి ఒప్పుకుని లేచిపోయాడట. మన కంప్యూటర్లు ఆ ఎత్తు వేస్తాయేమో చూద్దామన్నాడు బావ. మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన సీడీలో రెండు చదరంగం ప్రోగ్రాములు దొరికాయి. క్లాసులయ్యాక ఆ ఘట్టం పేర్చి కూర్చునేవాళ్లం. రెండూ ప్రతిసారీ మంత్రితో బంట్ల మీదికి ఎగబడేవి. అంతలో కరెంటు పోయేది, మేం ఇంటికి పోయేవాళ్లం.

పై అంతస్తులో ఇంటావిడ ఉండేది. ఒకప్పుడు తెలుగు బడిలో చెప్పింది కనుక అందరికీ టీచరమ్మే. ఆవిడ భర్త చాతంలో రంపపు మిల్లులో చేసి, రిటైరయ్యాక మా కింది గదిలోనే స్నేహితులతో చదరంగం ఆడుతూ ఆడుతూనే కన్నుమూశారు. వానాకాలంలో ఒక ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చి మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆ రోజు ఎందుకో కరెంటు పోలేదు. ఘట్టం పేర్చి, కంప్యూటరును దాని ఆలోచనకు వదిలేసి, గదికి తాళం వేసి పైకి వెళ్లాం. మధ్యాహ్నమే అయినా మబ్బుకు ఇల్లంతా చీకటిగా ఉంది. చాలాసేపు కబుర్లయ్యాక, చేపల పులుసు కలుపుకుంటుండగా కింద, చెక్కల సందుల్లోంచి, ఎవరో గొంతు సవరించుకున్నట్టు వినిపించింది.

టీచరమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆయన ఎత్తు వేసేముందు ఇలాగే సకిలించేవారు" అంది మెల్లిగా.

తాళం చెవి నా కొంగున ఉంది. తలుపు తీస్తే గదిలో ఎవరూ లేరు. తెర మీద ఒంటె నడిమధ్యకు వచ్చి నిలబడి ఉంది. తుఫానులో కూడా వణకనని చెప్పుకునే బావ అప్పటికే నా వెనక్కి చేరాడు. "నాకేటి భయం పిల్లా? గాలి మారింది, బోటు ఓసారి సూసొస్తాను" అని వెళ్లినవాడు తెల్లారేదాకా కనబడలేదు.

సోమవారానికల్లా కథ డిగ్నాబాద్ దాటింది. పిల్లలు రావడం మానేశారు. రంగత్‌లో ఉండే మా శిక్షణ కేంద్రం యజమాని ఫోన్ చేసి, గది ఖాళీ చేసేస్తాను, నువ్వు వేరే పని చూసుకో అన్నాడు. టీచరమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం ఒక కప్పు టీ తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టి, కాసేపు కూర్చుని వెళ్లేది. నేను ఒంటరిగా (తలుపు బార్లా తెరిచి) మళ్లీ పరీక్షించాను. కొద్దిసేపైతే మంత్రి, గంటకు పైగా వదిలితే ఒంటె. అసలు సంగతి ఇంతే. దాన్ని తీరిగ్గా ఆలోచించనివ్వలేదు మేం. ఆ సకిలింపు పాత హార్డ్‌డిస్క్ గరగర. చెబితే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ టీకప్పు చూసినప్పుడల్లా రేపు చెబుదాంలే అని వాయిదా వేసేదాన్ని.

చివరికి శనివారం పిల్లల్నీ, వాళ్ల అమ్మానాన్నల్నీ పిలిచాను. టీచరమ్మ నిండు టీకప్పును ఎప్పటిలాగే కంప్యూటరు పక్కన పెట్టి ముందు వరుసలో కూర్చుంది. నేను వివరించి, ప్రోగ్రాము నడిపించాను. బయట కుండపోత. తెర మీద ఇంకా మంత్రి ఎత్తే కనబడుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. హార్డ్‌డిస్క్ కూడా ఆగిపోయింది. ఆ చీకట్లో, నా పక్కనే, ఎవరో గొంతు సవరించుకున్నారు.

తలుపు దగ్గర తొక్కిసలాట. అందరికంటే ముందు బయటపడింది బావ.

"ఎక్కడికర్రా, నేనే" అంది టీచరమ్మ చీకట్లోంచి. "ఇన్నేళ్లు కాపురం చేశాక ఆయన అలవాటు నాకూ వచ్చింది."

ముందు ఒక పిల్ల నవ్వింది, తర్వాత గదంతా నవ్వింది. నా ఉపన్యాసం చేయలేని పని ఆ నవ్వు చేసింది. సోమవారం క్లాసు నిండింది, యజమాని ఇంకెప్పుడూ ఖాళీ మాటెత్తలేదు. అందరూ వెళ్లాక ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆ ఆదివారం నేను పైన నీ ఎదురుగా ఉన్నాను కదమ్మా" అంది. అది హార్డ్‌డిస్కండీ అన్నాను. "అవునులే" అని కప్పు తీసుకుంది. కప్పు ఖాళీగా ఉంది. (బావ తాగాడని నా అనుమానం. కానీ అంత వేగంగా పారిపోయినవాడికి టీ తాగే తీరికెక్కడిది?)

ఇప్పుడు నా ఫోనులో ఉన్న ప్రోగ్రాము ఆ ఎత్తును రెప్పపాటులో చెప్పేస్తుంది. మొన్న వాన పడుతుంటే ఆ ఘట్టం పేర్చి, జవాబు చూడకుండా ఫోను బల్ల మీద పెట్టి, వరండాలోకి వచ్చి కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి, "క్యా హువా మమ్మీ, బయట తడుస్తా కూర్చున్నావేంటి?" అంది. లోపల ఒకాయన ఆలోచించుకుంటున్నాడు, తొందరపెట్టకూడదన్నాను. అది నా నుదురు పట్టి చూసి, జ్వరం లేదని తేల్చుకుని, లోపలికి వెళ్లిపోయింది.