ఎక్స్‌రేకి అందని నొప్పి

మా అక్క పోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. "పిన్నీ, అమ్మ ఇంక నేదు. నిద్దట్లోనే పోనాది" అన్నాడు వాళ్ళబ్బాయి. ఫోను పెట్టేశాక కూర్చోలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకెళ్ళానో తెలియలేదు. వీధి గుమ్మంలోకి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చాను. పెద్దకార్యం కూడా అయిపోయింది గానీ ఇప్పటికీ ఒకచోట స్థిమితంగా ఉండలేకపోతున్నాను. ఈ నాలుగు మాటలూ మధ్యమధ్య లేచి తిరుగుతూ రాస్తున్నవే.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మావారి అన్నగారి భార్య. పదమూడేళ్ళు ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర ఉన్నాం. అందులో మొదటి ఏడాది నేనామెని నమ్మలేదు.

డెబ్భైల మధ్యలో నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తవారిల్లు వన్ టౌన్‌లో ఓ ఇరుకు సందులో, బెల్లం టోకు కొట్టు వెనకాల ఉండేది. బావగారికి పోర్టులో గుమాస్తా ఉద్యోగం. ఆరేసిన బట్టల మీద ముడి ఇనుప ధూళి ఎర్రగా పడుతుండేది, ఉతికినవే మళ్ళీ ఉతుక్కునేవాళ్ళం. ఆ ఉతుకుడంతా నా మీదే పడింది. అక్క ఎలమంచిలి అమ్మాయి. పొడగరి, చూడ్డానికి ఏ రోగమూ లేని మనిషి. కానీ పొద్దున్న లేవలేకపోయేది. ఒళ్ళంతా రోకలితో దంచినట్టుందనేది. ఇవాళ మెడ, రేపు తుంటి, ఎల్లుండి మోచేతులు. కూర్చుంటే లేచేది, లేస్తే ఆనుకోవడానికి గోడ వెతుక్కునేది, పడుకుంటే పక్క మార్చుకుంటూనే ఉండేది. పెళ్ళి పందిట్లో అందరూ కూర్చుని ఉంటే ఆవిడ ఒక్కతే స్తంభం దగ్గర కాళ్ళు మార్చి మార్చి నిలబడేది.

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీశారు, రక్తం పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు. ఆ 'ఏమీ లేదు' అన్నమాట మా ఇంట్లో ఆవిడ మీద నేరమై కూర్చుంది.

ఒకరోజు కుళాయి దగ్గర పక్కింటావిడతో నేనన్నాను: "మా అక్క నొప్పి సిత్రమైనదండీ. బట్టలుతికే ఏలకొత్తాది, బోజనాల ఏలకి ఎలిపోద్ది. ఎక్స్‌రేకి కూడా దొరకదు." పక్కింటావిడ నవ్వింది. నేనూ నవ్వి వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క ఉంది. వచ్చి నా చంకలోని నీళ్ళ బిందె తీసుకుని నడిచింది. పదడుగులు వేసిందో లేదో బిందె కింద పెట్టేసి గోడ పట్టుకుంది. నేను వెళ్ళి బిందె ఎత్తుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బావగారు ఓ కబురు తెచ్చారు. క్రేను నడిపే ఒకాయనకి నడుం పట్టేస్తే, రేవు వైపు ఉండే ముసలాయన చేతుల్తోనే వెన్ను సరిచేశాడట. పరాయి మగాడు వీపు మీద చెయ్యి వెయ్యడమేమిటని అత్తగారు గొడవ చేసి, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. చిన్నకోడలు తోడు వెళ్ళాలి. అలా నేను, ఇష్టం లేకుండా, అక్క వెంట వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆయన్ని అందరూ వెన్నుపూసలాయన అనేవారు. ఓడల్లో ఖలాసీగా తిరిగినవాడు. ఏదో దేశంలో నడుం పడిపోతే అక్కడొకాయన వెన్ను సర్ది నిలబెట్టాడట. ఓడ మరమ్మతుకి ఆగిపోయిన నెలల్లో ఈయన రోజూ అతని దగ్గరికి పోయి చూసి నేర్చుకున్నాడు. ఆ విద్యని కైరోప్రాక్టిక్ అంటారనీ, అక్కడ దానికి కాలేజీలున్నాయనీ చెప్పేవాడు.

"నాను కాలేజీకెల్లనేదమ్మా. డాక్టర్ని కాను. నా సేతులకి తెలిసినంతే సేత్తాను" అని మొదటిరోజే చెప్పేశాడు.

గదిలో ఎత్తుగా ఒక చెక్కబల్ల, బోర్లా పడుకుంటే ముఖం ఆనడానికి దానికొక బెజ్జం. ఆయన భార్య గుమ్మం దగ్గరే చాటలో రొయ్యలు ఒలుచుకుంటూ కూర్చునేది. ఆడవాళ్ళు వస్తే ఆవిడ అక్కణ్ణించి కదిలేది కాదు.

ఆ మొదటిరోజు ఆయన చాలాసేపు అక్కని ముట్టుకోనే లేదు. "ఎక్కడ నొప్పో తరవాత. ఎప్పుడెప్పుడొత్తాదో సెప్పు. నిద్దరెలాగుంటాది? ఏ పని సేసినాక ఎక్కువౌతాది?" అని అడిగాడు. అక్క మొదట తడబడింది, తర్వాత ఆగకుండా చెప్పింది. అన్నేళ్ళలో ఆ ప్రశ్నలు ఆమెని ఎవరూ అడగలేదు. ఒకే ఇంట్లో ఉన్న నేనూ అడగలేదు.

తర్వాత వీపు మీద అరచేతులు పెట్టి ఒక్క అదుము అదిమాడు. 'టక్' మని చప్పుడైంది. ఇంటికొచ్చే దారిలో అక్క ఆగి, తల ఇటూ అటూ తిప్పి చూసి, "సెల్లీ, మెడ తిరగతన్నాదే" అంది. మర్నాడు పొద్దున్నకి మళ్ళీ మామూలే. ఇదంతా దగా అనుకున్నాను.

నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆయన మధ్యలో చేతులు తీసేశాడు.

"ఈవిడికి గట్టిగా సెయ్యకూడదు. పూస పక్కకెల్తే వచ్చే నొప్పి కాదిది. ఇంకేటో ఉన్నాది, నాకు పేరు తెల్దు. పూర్తిగా పోయేది కాదు" అని నావైపు చూశాడు. "ఇలారామ్మా. ఇక్కడ ఏలెట్టు. నొక్కకు. అన్నం ఉడికిందో నేదో మెతుకట్టుకుని సూత్తావు సూడు, అంతే."

మెడ కింద, భుజం దగ్గర వేలు పెట్టాను. అక్క ఒళ్ళంతా వేడినీళ్ళు పడినట్టు అదిరింది. ఆయన చూపించిన చోటల్లా పెట్టాను. మోచేతి పక్కన, తుంటి మీద, మోకాలి లోపలివైపు. ప్రతిచోటా అంతే. "ఇప్పుడు నీకు నువ్వే పెట్టుకుని సూడు" అన్నాడు. పెట్టుకున్నాను. ఏమీ లేదు.

"నాటకాలాడేవోళ్ళు కల్లతో సూసి అరుత్తారు. ఈవిడి మొకం బెజ్జంలో ఉన్నాది. నువ్వు ఏలెక్కడెడతావో ఈవిడికేటి తెలుసు?" అన్నాడు.

గుమ్మం దగ్గర రొయ్యలొలిచే చేతులు ఆగిపోయాయి. బల్ల కింద నేల మీద రెండు చుక్కలు పడ్డాయి. చెమటో, కన్నీళ్ళో నేను వంగి చూడలేదు. దారి పొడుగునా నాకు కుళాయి దగ్గరి మాటే వినిపిస్తోంది. చెప్పుకోవాలనుకున్నాను. ఇల్లు వచ్చేసింది.

ఆయన వైద్యంలో చేతులతో చేసేది సగమే. మిగతా సగం అక్క చేసుకోవాల్సింది. లేవగానే వేడినీళ్ళ స్నానం. చీకటి పడే వేళకే భోజనం, రోజూ ఒకే వేళకి పడక. మధ్యాహ్నం దాటాక కాఫీ మానెయ్యాలి. కుంగిపోయిన నులకమంచం తీసేసి బల్ల మీద పరుపు. కింద కూర్చుని వంట వద్దు, నిలబడి చేసుకునేలా గట్టు కట్టించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం రోజూ నడక. ఆ రోజుల్లో మా సందులో ఆడవాళ్ళు పనిలేకుండా నడవడమనేది ఎక్కడా లేదు. "ఎక్కడికెల్తన్నారు?" అని ప్రతి అరుగు మీంచీ అడిగేవారు. అందుకని ఖాళీ సంచీ ఒకటి పట్టుకెళ్ళేవాళ్ళం. సముద్రం దాకా వెళ్ళి, ఆ ఖాళీ సంచీతోనే తిరిగొచ్చేవాళ్ళం. "బజార్లో ఏటీ దొరకనేదేటి?" అని ఎవరైనా అడిగితే అక్క ఏమాత్రం తొణక్కుండా "అన్నీ పిరిమే, ఏటి కొంటాం" అనేది. సందు మలుపు తిరిగాక ఇద్దరం గోడకానుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆరేడు వారాలకి ఆమె ముఖం తేటపడింది. ఒకనాడు నిద్రలేస్తూనే "ఇయ్యాల నొప్పి నేదే!" అంది. నేను మా అన్నయ్య పిల్లాడికి జ్వరమని పుట్టింటికి పెందుర్తి వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి పెరడంతా తడి బొంతలు. ఇంట్లో ఉన్నవన్నీ ఉతికి, పిండి, ఆరేసింది. అత్తగారు చూస్తున్నారని, ఇన్నాళ్ళూ మాట పడ్డదంతా ఒక్కరోజులో తీర్చేసుకుందామని. మర్నాడు పడిపోయింది. పదిరోజులు మంచం దిగలేదు. దువ్వెన పట్టుకోలేకపోతే నేనే జడ వేశాను.

వెన్నుపూసలాయనకి కబురు చేస్తే ఆయనే ఇంటికొచ్చాడు. మంచం పక్కన నిలబడి, కోప్పడకుండా ఒకే మాట అన్నాడు: "నొప్పున్న రోజు ఒల్లే ఆపేత్తాదమ్మా. నొప్పి నేని రోజే నువ్వు జాగర్తగుండాల."

కానీ అప్పటికే అత్తగారు నిర్ణయించేశారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. పొలాల్లో పనిచేసి ముగ్గురు పిల్లల్ని పెంచినావిడ. కంటికి కనబడని జబ్బు ఆవిడకి అర్థం కాలేదు, అంతే. ఆదివారం బావగారినీ మావారినీ కూర్చోబెట్టి, "పెద్దకోడల్ని ఎలమంచిలి అంపించీండి. ఒల్లు బాగయ్యాకే రమ్మనండి" అన్నారు. బాగవడమనేది లేని జబ్బుకి ఆ మాటకి అర్థమేమిటో అందరికీ తెలుసు. బావగారు తలెత్తలేదు. అక్క తలుపు పట్టుకుని, కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉంది.

అత్తగారు నావైపు తిరిగారు. "సిన్నకోడలా, నువ్వూ ఎల్తన్నావు గదా. నిజం సెప్పు. తగ్గినాదా?"

అక్క నన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. కుళాయి దగ్గర విన్నటువంటిదే ఇంకో మాట వినడానికి సిద్ధపడినట్టుంది.

"తగ్గనేదత్తా" అన్నాను. "ఇక పూర్తిగా తగ్గదు కూడానట. కానీ నొప్పి అబద్దం కాదు. నాను ఏలెట్టి సూసినాను. ఇప్పుడు పడిపోనాది రోగం వల్ల కాదు, మనం నమ్మట్నేదని ఒక్కరోజులో బొంతలన్నీ ఉతికేసినందుకు. పొద్దుట పని నాది. మద్దేన్నం నించి అక్కది. నెల్లాల్లు సూడండి."

"నీకేటే ఇందులో?" అన్నారు అత్తగారు, నిజంగానే అర్థం కాక.

కుళాయి దగ్గరి మాట అందరి ముందూ చెప్పగలిగేది కాదు. అప్పుడు బావగారు, నేల చూస్తూనే, "నెల్లాల్లు సూద్దామమ్మా" అన్నారు. పెళ్ళాం తరఫున ఆయన మాట్లాడడం ఆ ఇంట్లో అదే మొదలు.

నెల గడిచింది. రెండు గడిచాయి. మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. పొద్దున్న నేను, మధ్యాహ్నం నుంచి అక్క. పని ముక్కలు చేసుకుని, కాస్త చేసి కాస్త ఆగి, సాయంత్రానికి నాకన్నా ఎక్కువే చేసేది. కొన్నాళ్ళకి అత్తగారే ఎవరితోనో అంటుంటే విన్నాను: "మా పెద్దది పొద్దున్న నెగనేదు గానీ, మద్దేన్నమైతే ఇద్దరి పని సేత్తాది."

పదిహేను రోజులకోసారి వెన్నుపూసలాయన దగ్గరికి వెళ్ళడం మానలేదు. ఆయన చేతులు ఆమె జబ్బుని పోగొట్టలేదు. ఒకటి రెండు రోజుల తేలికనిచ్చేవి. ఆ తేలికలో నడిచేది, నడిస్తే నిద్రపట్టేది, నిద్రపడితే మర్నాడు కాస్త నయంగా ఉండేది. ఆయన పోయాక నడకా, వేళకి నిద్రా మాత్రం మిగిలాయి. వాటిని ఆమె చివరిదాకా పట్టుకుంది. చెడ్డరోజులు లేకపోలేదు. వానాకాలం ముసురు పట్టినప్పుడైతే వారాలకి వారాలు. "ఇది నాతో వచ్చిన సుట్టం సెల్లీ. పొమ్మంటే పోదు. మనం కూకోమనకపోతే సాలు" అనేది.

ఎనభైల చివర్లో ఒక డాక్టరు ఆ నొప్పికి పేరు చెప్పాడు. ఫైబ్రోమయాల్జియా. చీటీ మీద రాయించుకుని వచ్చి నా చేత రెండుసార్లు చదివించుకుంది. సంతోషిస్తుందనుకున్నాను. "అత్త ఉండగా తెలిసుంటే బాగున్ను" అని చీటీ మడిచేసింది. ఆ రోజే ఆమెని బస్సు దాకా దిగబెట్టడానికి నడుస్తూ, ధైర్యం చేసి, "అక్కా, అప్పట్లో కుళాయి కాడ నానొక మాటన్నాను" అని మొదలుపెట్టాను. "మొకం దించుకుని నడవకే, మెడ పట్టేత్తాది" అంది. అంతకుమించి నన్ను చెప్పనివ్వలేదు. క్షమించిందో, గుర్తుచేసుకోవడం ఇష్టం లేదో ఇప్పటికీ తెలియదు. పదిహేను రోజులుగా నన్ను ఇంట్లో తిప్పుతున్నది అదేనేమో.

ఆ పేరు తెలియడానికి ఏడాది ముందు ఒకరోజు నాకు పదేపదే గుర్తొస్తోంది. మావారికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి మేం క్వార్టర్స్‌కి మారిపోయిన కొత్త. చెట్లింకా మోకాలెత్తు కూడా లేవు, ఎటు చూసినా ఎర్రమట్టి. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర అక్క. ఒక్కతే రావడం అదే మొదటిసారి. కూర్చుంటే నొప్పని బస్సులో అంత దూరమూ నిలబడే వచ్చిందట. మంచినీళ్ళు తాగి, "నువ్వు నేకపోతే ఇల్లు కదలట్నేదే" అంది. భోజనం వడ్డిస్తానంటే "కాసేపాగు" అని ముందుగదిలో చాప మీద వాలింది.

వాలినది వాలినట్టే నిద్రపోయింది. నేను పని మానేసి చూస్తూ నిలబడ్డాను. ఒక చెయ్యి నేల మీద విప్పుకుని ఉంది, పెదవి మీద చెమట పట్టింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. పదమూడేళ్ళలో ఆ మనిషి ఇంతసేపు కదలకుండా ఉండడం నేను చూడలేదు. అంతలో వీధి చివర కూరగాయల బండి కేక వినిపించింది. చెప్పులేసుకోకుండానే ఎండలోకి పరుగెత్తి అతనికి చేతులడ్డం పెట్టాను.

"ఏటమ్మా, ఎవురికైనా బాగోనేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"బాగానే ఉన్నాది" అన్నాను. "పడుకున్నాది."

అతను తల ఊపి, కేకెయ్యకుండా బండిని మెల్లగా తోసుకుంటూ మా గుమ్మం దాటి వెళ్ళాడు.