జంక్షన్‌లో మావయ్య ఫ్లెక్సీ

మా మావయ్యగారు పోయారు. పొందూరు రోడ్డు హైవేలో కలిసే జంక్షన్ దగ్గర, సర్వీసు రోడ్డు పక్కనున్న మా టిఫిన్ హోటల్లో ఎప్పుడైనా ఆగి ఉంటే, గల్లాపెట్టె ముందు ఖద్దరు చొక్కాతో కూర్చునే పెద్దాయన ఆయనే. నేను ఆయన కోడలిని. పొద్దున్నే పెసరట్ల పిండి దగ్గరుండి రుబ్బించి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లారు. మళ్లీ లేవలేదు. ఆ దుఃఖం సరే. ఆయన పోయాక మేం చేసిన పని చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

అసలు మీరు మా దగ్గర ఆగి ఉండరు లెండి. మా హోటల్‌కి రోడ్డు మీద బోర్డు లేదు. పేరంతా మా గోడ మీదే, అదీ రంగుతో రాయించిందే. హైవే వెడల్పు చేసినప్పుడు హద్దురాళ్లు పాతారు. రాయికి అవతల ఉన్నది రోడ్డు జాగా అనీ, అనుమతి లేకుండా అక్కడ ఎవరి బోర్డూ పెట్టకూడదనీ, జంక్షన్ మొదట్లో చూపుకు అడ్డమొచ్చేది ఏదీ ఉండకూడదనీ అప్పుడొచ్చిన అధికారి అందరికీ చెప్పాడట. మిగతా షాపులవాళ్లు తలూపి మర్చిపోయారు. మావయ్య మాత్రం ఆ మాట పట్టుకుని కూర్చున్నారు.

నేను విజయనగరంలో, షాపుల కంటే బోర్డులే పెద్దవిగా ఉండే బజారులో పెరిగినదాన్ని. కాపురానికొచ్చిన కొత్తలో ఆయనది ఒట్టి చాదస్తం అనుకున్నాను.

"మావయ్యా, బస్సులన్నీ పక్క హోటల్ దగ్గరే ఆగుతున్నాయి. మనమూ ఒక బోర్డు పెడదాం" అన్నాను ఒకరోజు.

"ఎక్కడెడతావమ్మా?" అన్నారు. నేను చూపించిన చోటుకే నన్ను తీసుకెళ్లి నిలబెట్టారు. "ఇటు సూడు. ఏటి కనపడతంది?"

"లారీ వస్తోంది."

భుజం మీది తువ్వాలు తీసి నా మొహానికి అడ్డంగా పట్టుకున్నారు. "ఇప్పుడో?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "రోడ్డు మీదున్నోడికి మన పేరు కన్నా ముందు ఎదురొచ్చే బండి కనపడాలమ్మా. బేరం రేపైనా వస్తాది" అన్నారు.

సాయంత్రం రద్దీ తగ్గాక జంక్షనంతా ఒక చుట్టు తిరిగేవారు. దారి చూపే స్తంభానికి ఎవరైనా ఆఫర్ల బ్యానర్ కడితే విప్పి, శుభ్రంగా చుట్టి, ఆ షాపులోనే ఇచ్చి వచ్చేవారు. సెల్ ఫోన్ల కొట్టువాడు ఎర్ర లైట్లు మిణుకుమిణుకుమనే బోర్డు పెడితే వెళ్లి అతని స్టూలు మీద కూర్చున్నారు. "దూరం నుంచి సూసినోడికి అది బ్రేకు లైటో, నీ కొట్టో ఎలగ తెలస్తాది నాయినా? ఆర్పీ" అని, వాడు ఆర్పేదాకా లేవలేదు. ఆయన వస్తుంటే బోర్డులు వాటంతటవే లోపలికి నడుస్తాయని జంక్షన్‌లో హాస్యం. అలాగని మరీ దేవుడేం కాదు. రెండోసారి చట్నీ అడిగితే మొహం మాడ్చుకునేవారు. నా కాఫీ ఏనాడూ బాగుందనలేదు.

ఆయన పోయారని తెలియగానే షాపులన్నీ మూసేశారు. మా ఆయన స్నేహితులు ఇంటికొచ్చి, "మావకి ఫ్లెక్సీ కట్టకపోతే మాకేటి మర్యాద?" అన్నారు. ఇప్పుడు మా వైపు ఫ్లెక్సీ లేకుండా ఎవరినీ సాగనంపడం లేదు. ఫోటో నేనే ఏరి ఇచ్చాను. పెద్దదిగా వేయించమన్నాను. ఎక్కడ కడతారని మాత్రం అడగలేదు.

సరిగ్గా జంక్షన్ మొదట్లో, హద్దురాయికి అవతల, గోతులు తీసి మరీ కట్టారు. పైన మావయ్య మొహం, కింద వరసగా మా అందరి ఫోటోలు, షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో మా హోటల్ పేరు. బతికుండగా ఆయన పెట్టనివ్వని బోర్డు ఆయన చావుతో పెట్టుకున్నాం. నిజం చెబుతున్నాను, చూడగానే నాకు బాగుందనిపించింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

పెద్దకర్మ రోజు భోజనాల వేళ హైవే పనివాళ్ల బండి వచ్చి అక్కడ ఆగింది. మా ఆయన స్నేహితులు ఎంగిలి చేతులతోనే పరిగెత్తారు. వెనకే మేమూ వెళ్లాం.

"పోయినోడి బొమ్మ మీద సెయ్యేస్తావేటి? కర్మ రోజైనా సూడవా?" అని మీదికి వెళ్లారు.

నిచ్చెన పట్టుకున్నతను నడివయసు మనిషి. గొంతు పెంచలేదు. "నానేటి సేసీది బాబూ? పొద్దున్న ఓ ఆటో లారీకి ఎదురెల్లిపోనాది. ఇది అడ్డమొచ్చి డ్రైవరుకి లారీ కనపడనేదట. ఎవులికీ ఏటీ కానేదు, అదే పదివేలు" అన్నాడు. తలెత్తి ఫ్లెక్సీ వైపు చూశాడు. "అడ్డంగా బోర్డున్నాది, తీయండని మాకు ఫోన్ల మీద ఫోన్లు సేసింది ఈ మావే కదా."

అతను నా వైపు తిరిగాడు. "మీరు సెప్పండమ్మా. వద్దంటే ఎల్లిపోతాను."

సిగ్గుతో తలొంచుకుని "తీసేయండి" అన్నాను. మా ఆయన వెళ్లి నిచ్చెన పట్టుకున్నారు.

అతను చెప్పులు విడిచి ఎక్కాడు. తాళ్లు కోయకుండా ఒక్కొక్క ముడీ విప్పాడు. దిగాక, మావయ్య మొహానికి దుమ్ము తగలకూడదని దాన్ని లోపలికి పెట్టి మడిచి నా చేతుల్లో ఉంచాడు. మడత పైన మా పేర్లూ ఫోన్ నంబర్లూ మిగిలాయి. భోజనాల బంతుల మధ్య నుంచి, అందరూ చూస్తుండగా, దాన్ని అలాగే పట్టుకుని ఇంట్లోకి నడిచాను.