దారం తెగిన రోజులు

మా మిల్లులో దారం ఎందుకు తెగుతోందో కనిపెట్టింది నేను. పుస్తకంలో మా సూపర్‌వైజరు పేరు వేశారు.

మూతపడిన ఆ మిల్లు గురించి పాత కార్మికులు కొందరు కలిసి ఈమధ్య ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. విజయనగరం మార్కెట్ దగ్గర టీ కొట్టులో ఒకాయన దాన్ని నా చేతిలో పెట్టి, "సూడు మావా, మన కతలన్నీ ఉన్నాయి" అన్నాడు. పన్నెండో పేజీలో ఉంది. "సూపర్‌వైజరు గారు తమ సూక్ష్మబుద్ధితో కారణం గ్రహించి" అట. సూక్ష్మబుద్ధట! టీ సగంలో వదిలేసి లేచాను.

నాది ఐదో తరగతి చదువు. ఇంగ్లీషు అక్షరాలు మిషన్ల మీద ఉండే ఇత్తడి పలకలు చూసి నేర్చుకున్నాను. ఆ మిషన్లకు నూనె వేయడమే నా ఉద్యోగం. గోగునారతో గోనెసంచులు నేసే మిల్లు మాది. ఒక ఏడాది ఎండలు ముదరకముందే దారం తెగడం మొదలైంది. రోజూ తెగితే ఏదో అరిగిపోయిందనుకోవచ్చు. అలా కాదు. రెండు రోజులు పటపటా తెగేది, మూడు రోజులు ఏమీ ఎరగనట్టు నడిచేది, మళ్లీ తెగేది. ఇంజనీరు వచ్చి రోలర్లు మార్చాడు. దారం తెగిన రోజు పొద్దున్నే సూపర్‌వైజరు గారు నారకట్టలు విప్పించి చూశారు. నార శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది మనుషులే కదా, మిషన్ల దగ్గర ఆడవాళ్ల మీద కేకలేశారు. వాళ్లలో ఒకావిడ పమిట బిగించి, "మా సేతులు రెండ్రోజులు సెడ్డవి, మూడ్రోజులు మంచివీనా బాబూ?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ మాట నన్ను పట్టుకుంది.

అప్పటినుంచి ఒక పాత నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఏ మిషను, ఏ షిఫ్టు, ఎవరి చెయ్యి, పడమటి గాలి కొట్టిందా లేదా, అన్నీ. పదకొండు రోజులు రాశాను. ఏదీ దేనితోనూ కలవలేదు. ఇంటికి వచ్చి ఆ పుస్తకం పైకి చదివేవాణ్ణి. అది నా అలవాటు. మా ఆవిడ చేటలో బియ్యం బాగుచేస్తూ వినేది.

"ఏటి, మళ్లీ ఆ పారాయణమేనా?" అంది ఒకరోజు. "మిషను సూసేరు, మనిసిని సూసేరు, గాలిని సూసేరు. నార సంగతి ఎవులూ అడగరేటి?"

"నార చూశారే. బాగుంది. అయినా నారంతా ఒకటే."

చేట కింద పెట్టింది. ఆవిడ పుట్టిల్లు రామతీర్థం అవతల, గోగు పండించే ఇల్లు. "నారంతా ఒకటేటి, నీ మొకం! గెడ్డలో పారే నీళ్లలో నానబెట్టిన నార పట్టులాగ వస్తాది. నీళ్లు సాలక గుంటలో బురదేసి తొక్కిన నార మొదళ్లకాడ పుల్లలాగ ఉంటాది. సేత్తో ముడితే తెలిసిపోతాది. మీ మిల్లుకొచ్చినది ఏ నీళ్లలో నానిందో అడిగేవా?"

మర్నాడు గోదాముకు వెళ్లాను. ఏ కట్ట ఏ వైపునుంచి వచ్చిందో, ఏ రోజు విప్పారో గుమాస్తా దగ్గర రాసి ఉంటుంది. ఆ ఏడాది గెడ్డలు ఎండిపోయిన ఊళ్లు కొన్ని ఉన్నాయి. అక్కడి కట్టల మొదళ్లు పట్టుకుని చూస్తే పుల్లలే. అయినా నా లెక్క కుదరలేదు. ఆ కట్టలు విప్పిన రోజున దారం బాగానే నడిచింది! ఆ సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే తట్టింది. విప్పిన నారకు నూనె, నీళ్లు పట్టించి గుట్టవేసి ఉంచుతాం. అది దారం కావడానికి మూడు రోజులు పడుతుంది. దారం తెగిన రోజు సూపర్‌వైజరు గారు చూసిన నార, ఆ తెగిన దారంలోది కాదు. నోటుపుస్తకంలో తేదీలు మూడు గళ్లు వెనక్కి జరిపాను. గీత గీసినట్టు కలిశాయి. ఆ కట్టలు వేరు చేసి, గట్టి మొదళ్లు కోసేసి, గుట్టలో ఇంకో రోజు ఉంచితే సరిపోయింది.

మేనేజరు తన గదికి పిలిచాడు. సూపర్‌వైజరు గారు పక్కనే ఉన్నారు. "నీకు ఎలా తట్టిందయ్యా?" అని అడిగితే, "ఆలోచించాను సార్" అన్నాను. భేష్ అన్నాడు. ఇంటికి వచ్చి చెబితే ఆవిడ, "నార మాట ఎవులు సెప్పేరో సెప్పేవా?" అంది నవ్వుతూ. నేనూ నవ్వి కాళ్లు కడుక్కున్నాను.

ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు మా ఇంటి నీళ్ల మోటారు కొన్ని పొద్దుల్లో ఆడుతుంది, కొన్ని పొద్దుల్లో ఆగిపోతుంది. మెకానిక్కులు ఇద్దరు చూసి వెళ్లారు. నేనూ వారంపాటు అన్నీ రాసి, వంటింట్లో నిలబడి పైకి చదివాను. ఎదురుగా మనిషి లేకపోతే నేనన్న ప్రతి మాటా నాకు సరిగ్గానే వినిపిస్తోంది. నీ మొకం అనేవాళ్లు లేరు. మోటారు ఇంకా ఆగిపోతూనే ఉంది. బిందెతో పక్కవీధి కొళాయికి వెళ్తున్నాను.

ఆ పన్నెండో పేజీ మాత్రం వదలదలుచుకోలేదు. సూపర్‌వైజరు గారు ఇప్పుడు శ్రీకాకుళంలో ఉన్నారని తెలిసి ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకొకటి రాశాను, కాస్త ఘాటుగానే. దానికీ లేదు. కోపం వచ్చి, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు మూడోది రాశాను. మొదటిరోజు నుంచి ఒక్కొక్క మెట్టూ, దేని తరవాత ఏది తెలిసిందో, అంతా. రాస్తూ రాస్తూ చేట దగ్గరికి వచ్చాను. అక్కడ కలం ఆగింది. ఆ మాట తీసేస్తే నేను గోదాముకు ఎందుకు వెళ్లానో చెప్పడానికి లేదు. అందుకని ఆవిడ అన్నది అన్నట్టే రాసి పోస్టు చేశాను.

పంతొమ్మిది రోజులకు జవాబు వచ్చింది.

"నాయనా, మొదటి రెండు ఉత్తరాల్లోనూ తిట్లే ఉన్నాయి గనక జవాబు రాయలేదు. మూడోది మా కోడలి చేత రెండుసార్లు చదివించుకున్నాను. కారణం కనిపెట్టింది నేను కాదు. పుస్తకం వాళ్లు వచ్చి 'తమరే కదా బాబూ' అన్నారు. ఈ ముసలితనంలో ఒకళ్లు గుమ్మం ఎక్కి ఆ మాట అంటే కాదనబుద్ధి కాలేదు. అది నా తప్పే. అయితే ఆ రోజు మేనేజరు గదిలో మీ పక్కన నిలబడింది నేను. ఎలా తట్టిందని అడిగితే మీరు ఏటన్నారో నాకు ఇంకా గుర్తుంది. నా పేరు కొట్టేయమని వాళ్లకు రాస్తాను. ఆ చోట ఎవరి పేరు వేయమనాలో మీరే తెలియజేయండి."